శత్రువు నీళ్ళలో పడ్డాక

మా బావమరిది నౌకాదళంలో సోనార్ మీద పనిచేసి రిటైరయ్యాడు. అప్పట్లో విశాఖపట్నంలో ఉన్న పెట్యా తరగతి నౌకల మీద, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని నీళ్ళ అడుగున జలాంతర్గామి చప్పుడు వెతకడం ఆయన ఉద్యోగం. మా అమ్మాయి లా కాలేజీలో అంతర్జాతీయ చట్టం చెబుతుంది. మేనమామకీ మేనకోడలికీ ఒకరంటే ఒకరికి ప్రాణం. కానీ ఒక్క విషయంలో మాత్రం ఇద్దరికీ ఏనాడూ కుదరలేదు. యుద్ధంలో శత్రు జలాంతర్గామిని ముంచాక, అందులోంచి బయటపడి సముద్రంలో తేలుతున్న మనుషుల్ని ఓడ ఆపి ఎక్కించుకోవాలా, వదిలేసి పోవాలా? ఈ సంక్రాంతికి అందరం కలిసినప్పుడు మళ్ళీ ఆ మాట లేచింది. ఈసారి నేను కాగితం, కలం పెట్టుకుని పక్కనే కూర్చున్నాను. నాకూ ఇందులో ఒక పక్షం ఉంది. అది చివర చెబుతాను.

మావయ్య: నువ్వు చట్టంతో మొదలెడతావు, నేను ఓడతో మొదలెడతాను. 1914 సెప్టెంబరు 22, పొద్దున్నే. హాలండ్ తీరానికి దగ్గర్లో మూడు బ్రిటిష్ క్రూయిజర్లు వరసగా పోతున్నాయి. అబూకిర్, హోగ్, క్రెస్సీ. యూ-9 అనే జర్మన్ జలాంతర్గామి అబూకిర్‌ని టార్పెడోతో కొట్టింది. మైను తగిలిందనుకున్నారు పాపం. హోగ్ దగ్గరికొచ్చి పడవలు దించింది. దాన్నీ కొట్టింది. క్రెస్సీ ఆగింది. దాన్నీ కొట్టింది. గంటన్నరలో మూడూ అడుక్కి పోయాయి, సుమారు 1,450 మంది పోయారు. మొదటి ఓడ అజాగ్రత్త వల్ల పోయిందనుకో. మిగిలిన రెండూ పోయింది ఆగడం వల్లే. అదీ సొంత మనుషుల కోసం ఆగారు. ఆ తరవాత బ్రిటిష్ అడ్మిరాల్టీ పెద్ద ఓడలకి గట్టి ఆజ్ఞ వేసింది. జలాంతర్గాములు తిరిగేచోట పక్క ఓడ మునుగుతున్నా సరే ఆగొద్దని. సొంతవాళ్ళకే ఆగొద్దంటే, శత్రువు కోసం ఎలా ఆగుతానమ్మా?

మేనకోడలు: ఆ రోజు ఆగి ఉండకూడదని నేనూ ఒప్పుకుంటాను మావయ్యా. కొట్టినవాడు అక్కడే ఉన్నాడు. నేను అడుగుతున్నది కొట్టినవాణ్ణి ముంచేశాక సంగతి. వాడి జలాంతర్గామి అడుగున ఉంది. పైన మిగిలింది ఇరవై ముప్పై మంది మనుషులు. వాళ్ళ దగ్గర టార్పెడో లేదు, తుపాకీ లేదు. కొందరికి లైఫ్ జాకెట్ కూడా లేదు.

మావయ్య: అక్కడున్నది ఒక్కటేనని ఎవరు చెప్పారు నీకు? అట్లాంటిక్‌లో రెండో ప్రపంచయుద్ధమప్పుడు జర్మన్లు గుంపుగా వేటాడేవాళ్ళు. ఒకటి దొరికిందంటే ఇంకో మూడు దగ్గర్లో ఉన్నట్టే. మనిషిని నీళ్ళలోంచి లాగడం నిమిషాల పని కాదు. ఒంటి నిండా ఆయిల్, చలికి వేళ్ళు కొయ్యబారిపోయి తాడు పట్టు చిక్కదు. కిందికి మనవాణ్ణి దించాలి, నడుముకి తాడు కట్టించాలి, పైనుంచి నలుగురు లాగాలి. అంతసేపూ ఓడ కదలదు. కదలని ఓడని కొట్టడానికి గురి కూడా అక్కర్లేదు. నా ఓడలో నూటముప్పై మంది ఉంటారు. వాళ్ళ అమ్మలకి నేను జవాబు చెప్పాలి.

మేనకోడలు: ఆగే పద్ధతి ఒకటుంది. 1941 మార్చి 16 రాత్రి ఏం జరిగిందో నీకు నాకంటే బాగా తెలుసు. హాలిఫాక్స్ నుంచి బ్రిటన్‌కి సరుకు ఓడల కాన్వాయ్ వస్తోంది. కాపలా నౌకల పెద్ద డొనాల్డ్ మెకింటైర్, వాకర్ అనే డిస్ట్రాయర్ మీద ఉన్నాడు. ఆ రాత్రి అతని కళ్ళముందే ఓడ తరవాత ఓడ అంటుకుంది. కొడుతున్నవాడు ఒట్టో క్రెచ్‌మర్. ఆ యుద్ధం మొత్తంలో జర్మన్ జలాంతర్గామి కెప్టెన్లలో అందరికంటే ఎక్కువ సరుకు ఓడల్ని ముంచినవాడు. అర్ధరాత్రి దాటాక వానోక్ అనే ఇంకో డిస్ట్రాయర్ యూ-100ని గుద్ది ముంచింది. ముంచి అక్కడే ఆగి, నీళ్ళలో ఉన్న జర్మన్లని లాగడం మొదలెట్టింది. ఆరుగురు దొరికారు. వానోక్ ఆగి ఉన్నంతసేపూ మెకింటైర్ తన వాకర్‌ని దాని చుట్టూ తిప్పుతూ కాపలా కాశాడు. అలా తిరుగుతుంటేనే సోనార్‌కి మరో జలాంతర్గామి చిక్కింది. అదే యూ-99, క్రెచ్‌మర్‌ది.

మావయ్య: నేనన్నదీ అదే కదా! రెండోది పక్కనే ఉంది. వానోక్ నిలబడి ఉంది. క్రెచ్‌మర్ దగ్గర టార్పెడోలన్నీ అయిపోయాయి కాబట్టి సరిపోయింది. అతను ఇంటిదారి పట్టినవాడు. ఒక్కటి మిగిలి ఉంటే వానోక్ మనుషులు ఆరుగురు జర్మన్ల కోసం పోయేవాళ్ళు. అదృష్టాన్ని పద్ధతి అనకు.

(ఈ దెబ్బకి మా అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. నాకూ ఇది బలమైన మాటగానే తోచింది. వానోక్ ఆగిన క్షణంలో క్రెచ్‌మర్ దగ్గర టార్పెడోలు లేవన్న సంగతి బ్రిటిష్ వాళ్ళలో ఎవరికీ తెలీదు.)

మేనకోడలు: సరే, అదృష్టం కొంత ఉంది. కానీ చుట్టూ వాకర్ తిరగకపోతే యూ-99 దొరికేదే కాదు. కాపాడటానికి ఆగిన ఓడకి కాపలా కాస్తూ ఉండబట్టే అంత పెద్ద వేటగాడు దొరికాడు. నీటి అడుగున పేలే డెప్త్ చార్జీలకి తట్టుకోలేక యూ-99 పైకి తేలింది. క్రెచ్‌మర్ దీపంతో ఇంగ్లీషులో సంకేతం ఇచ్చాడు, మునిగిపోతున్నాం, మావాళ్ళని కాపాడమని. ఆ రాత్రంతా మెకింటైర్ ఓడల్ని తగలబెట్టినవాడు అడుగుతున్నాడు మావయ్యా. వాకర్ పక్కకి వచ్చి వలలు దించింది. 43 మందిలో 40 మంది ఎక్కారు. క్రెచ్‌మర్ అదే రాత్రి ముంచిన జె.బి. వైట్ అనే సరుకు ఓడ నావికులు అప్పటికే వాకర్ మీద ఉన్నారు. ముంచినవాడూ, వాడి చేతిలో మునిగినవాళ్ళూ ఒకే ఓడలో లివర్‌పూల్ వెళ్ళారు. మెకింటైర్ అతని మెళ్ళోని బైనాక్యులర్స్ తీసుకున్నాడు. యుద్ధం అయ్యాక ఏళ్ళకి వెతికి మరీ తిరిగిచ్చాడు.

మావయ్య: మెకింటైర్‌కి రెండో ఓడ ఉంది. చుట్టూ కాపలా తిరిగే ఓడ లేనప్పుడు? అదే ఏడు మే 27 చూడు. జర్మన్ యుద్ధనౌక బిస్మార్క్ మునిగింది. అందులో రెండు వేల పైచిలుకు మంది. డార్సెట్‌షైర్, మావోరి అనే బ్రిటిష్ నౌకలు ఆగి తాళ్ళు వేశాయి. నూటపది మందిని ఎక్కించుకున్నాయి. ఇంతలో జలాంతర్గామి జాడ కనబడిందని కేక వినబడింది. డార్సెట్‌షైర్ కెప్టెన్ మార్టిన్ ఓడ కదిలించమన్నాడు. ఓడ పక్కన తాళ్ళకి వేలాడుతున్నవాళ్ళున్నారు, నీళ్ళలో వందలమంది అరుస్తున్నారు. కదిలించేశాడు. నేను ఆ చోట ఉన్నా అదే చేస్తాను, ఆ అరుపులు నాకు జీవితాంతం వినబడతాయని తెలిసీ చేస్తాను.

మేనకోడలు: అక్కడ నిజంగా జలాంతర్గామి ఉందా?

మావయ్య: యూ-74 ఆ చుట్టుపక్కలే తిరుగుతోంది. తరవాత ముగ్గుర్ని అదే ఎక్కించుకుంది. మార్టిన్ అనుమానం గాల్లోంచి పుట్టింది కాదు.

ఇక్కడ నేను కలగజేసుకుని ఒక మాట చెప్పాను. అదే డార్సెట్‌షైర్‌ని మరుసటి ఏడు, 1942 ఏప్రిల్ 5న, సింహళానికి దక్షిణాన జపాన్ విమానాలు ముంచేశాయి. తోడుగా వస్తున్న కార్న్‌వాల్‌నీ ముంచాయి. ఆ రెండు ఓడల వాళ్ళూ రాత్రంతా నీళ్ళలోనే ఉన్నారు. మరునాడు ఎంటర్‌ప్రైజ్ అనే క్రూయిజర్, రెండు డిస్ట్రాయర్లూ వచ్చి 1,122 మందిని తీసుకుపోయాయి. అదే రోజు, అంటే ఏప్రిల్ 6నే, అదే జపాన్ దాడిలో విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు పడ్డాయి. మునుపటి ఏడు తాళ్ళు వదిలేసి పోయిన ఓడ మనుషులే ఈ ఏడు నీళ్ళలో ఉండి ఎవరైనా వస్తారా అని చూశారు. దీన్ని కర్మ అనడానికి నాకు మనసు రాదు, బిస్మార్క్ దగ్గర వాళ్ళు కావాలని చేసిన పాపం లేదు. కానీ సముద్రం మీద ఎవరి వంతు ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నది మాత్రం నిజం. మావయ్య దీనికి తల ఊపి ఊరుకున్నాడు.

మేనకోడలు: మార్టిన్‌ని నేను తప్పు పట్టను. ప్రమాదం కనబడింది, అప్పటిదాకా ఆగి ఉన్నాడు, కనబడ్డాకే కదిలాడు. ఇప్పుడు ఇకారస్ సంగతి చెప్పు. 1942 మే 9, అమెరికా తీరం, నార్త్ కరొలైనా దగ్గర. ఇకారస్ అనే కోస్ట్ గార్డ్ ఓడ యూ-352ని ముంచింది. ముప్పై మందికి పైగా నీళ్ళలో ఉన్నారు. ఇకారస్ కొంత దూరం వెళ్ళిపోయి, వీళ్ళని ఎక్కించుకోమంటారా అని రేడియోలో పైవాళ్ళని అడిగింది. జవాబు రాలేదు. మళ్ళీ అడిగింది. చివరికి చార్ల్‌స్టన్ నుంచి ఎక్కించుకోమని వచ్చింది, వెనక్కి వెళ్ళి 33 మందిని తీసుకుంది. అందులో ఒకతను గాయాలతో చనిపోయాడు. అంతసేపు వాళ్ళు నీళ్ళలో రక్తం కారుతూ ఉన్నది ప్రమాదం వల్లా, అనుమతి కోసమా?

మావయ్య: అనుమతి అడగడం తప్పంటావా? అప్పటికి అమెరికా యుద్ధంలోకి దిగి అయిదు నెలలైంది. జర్మన్ జలాంతర్గామి మనుషుల్ని పట్టుకున్న అనుభవం వాళ్ళకి లేదు. అది కోస్ట్ గార్డ్ చిన్న ఓడ. అంతమంది ఖైదీల్ని ఎక్కించుకుంటే వాళ్ళు తిరగబడరని ఎవరు హామీ?

మేనకోడలు: అడగడం తప్పు కాదు. జవాబు రాకపోతే ఏం చేయాలో వాళ్ళకి ముందే తెలిసి ఉండాలి. నీళ్ళలో ఉన్నవాడికి అనుమతి వచ్చేదాకా బతికే తీరిక ఉండదు.

మావయ్య: నువ్వు సులువైన కేసులు తెస్తున్నావు, నేను కష్టమైనది తెస్తాను. ఇది మన సముద్రంలోదే. 1944 ఫిబ్రవరి 12, మాల్దీవుల దగ్గర. మొంబాసా నుంచి కొలంబోకి సైనికుల్ని తీసుకుపోతున్న ఖేదివ్ ఇస్మాయిల్‌ని జపాన్ జలాంతర్గామి ఐ-27 కొట్టింది. రెండు మూడు నిమిషాల్లో మునిగింది. ఎక్కువమంది తూర్పు ఆఫ్రికా సైనికులు, నర్సులు కూడా ఉన్నారు. దాదాపు 1,300 మంది పోయారు. బతికినవాళ్ళు రెండు వందల పైచిలుకు మాత్రమే, నీళ్ళలో తేలుతున్నారు. సరిగ్గా వాళ్ళ కిందే ఐ-27 నక్కింది. పెటార్డ్ అనే డిస్ట్రాయర్ ఆ మనుషుల దగ్గరే డెప్త్ చార్జీలు వేసింది. తేలుతున్నది సొంతవాళ్ళు. వేయకపోతే ఐ-27 మిగతా కాన్వాయ్‌ని కొడుతుంది. వేశాడు. ఐ-27 మునిగింది. ఇప్పుడు చెప్పు, నీళ్ళలో పడ్డవాడు పవిత్రుడన్న నీ సూత్రం ఎక్కడుంది?

మేనకోడలు: నేను పవిత్రం అనలేదు. ఆ కెప్టెన్ చేసింది చేయక తప్పదు, ఎంత బాధైనా. కానీ పెటార్డ్ పేరు నువ్వే ఎత్తావు కాబట్టి, దానిదే అంతకు ఏడాది పైచిలుకు ముందు కథ చెప్పనీ. 1942 అక్టోబరు 30, ఈజిప్టు తీరానికి అవతల. పెటార్డ్ యూ-559ని పైకి తేల్చింది. జర్మన్లు నీళ్ళలోకి దూకారు. పెటార్డ్ వాళ్ళని ఎక్కించుకుంటూనే తన మనుషుల్ని మునుగుతున్న జలాంతర్గామిలోకి పంపింది. ఫాసన్ అనే లెఫ్టినెంటు, గ్రేజియర్ అనే నావికుడు, ఓడ క్యాంటీన్లో పనిచేసే టామీ బ్రౌన్ అనే పదహారేళ్ళ కుర్రాడు. కోడ్ పుస్తకాలు పైకి అందించారు. ఫాసన్, గ్రేజియర్ దాంతోపాటే మునిగిపోయారు. ఆ పుస్తకాల వల్లే డిసెంబరు నుంచి బ్రిటన్ జర్మన్ జలాంతర్గాముల సందేశాలు మళ్ళీ చదవగలిగింది. ముంచగానే ముఖం తిప్పుకుని వెళ్ళిపోయే ఓడకి ఇది దొరికేదా?

మావయ్య: అది పుస్తకాల కోసం ఆగడం. మనుషుల కోసం కాదు.

మేనకోడలు: రెండూ ఒకేసారి చేశారు. నువ్వన్న ప్రమాదం అప్పుడూ ఉంది. లాభం ఉంటే ప్రమాదాన్ని ఒప్పుకుంటాం, ప్రాణాల కోసం మాత్రం ఒప్పుకోమా?

(మావయ్య దీనికి వెంటనే జవాబివ్వలేదు. మంచినీళ్ళు తాగి, గొంతు తగ్గించి మాట్లాడాడు.)

మావయ్య: యుద్ధంలో ఉన్నవాడికి లెక్క ఉంటుందమ్మా. ఆ లెక్కలో ముందు నా ఓడ, తరవాత నా పని, ఆ తరవాతే మిగతావి.

మేనకోడలు: ఆ లెక్క ఎక్కడిదాకా పోతుందో చూడు. 1944 మార్చి 13. హైంజ్ విల్హెల్మ్ ఎక్ అనే జర్మన్ కెప్టెన్, యూ-852 మీద, పెలియస్ అనే గ్రీకు సరుకు ఓడని ముంచాడు. తెప్పల మీద మనుషులున్నారు. ఉదయం విమానాలు వచ్చి శిథిలాలు చూస్తే తన జాడ తెలిసిపోతుందని తెప్పల్ని మెషిన్‌గన్లతో, గ్రెనేడ్లతో ముక్కలు చేయించాడు. ముగ్గురు మాత్రం బతికి, వారాల తరబడి తేలి, ఒక పోర్చుగీసు ఓడకి చిక్కి జరిగింది చెప్పారు. యుద్ధం అయ్యాక బ్రిటిష్ సైనిక కోర్టు ముందు ఎక్ చెప్పిన కారణం ఒక్కటే, నా ఓడ క్షేమం కోసం చేశానని. కోర్టు ఒప్పుకోలేదు. 1945 నవంబరు 30న అతన్నీ అతని మనుషుల్లో ఇద్దర్నీ కాల్చారు.

మావయ్య: ఆగు. వదిలేయడం వేరు, చంపడం వేరు. నన్ను ఎక్ పక్కన నిలబెట్టకు.

మేనకోడలు: నిలబెట్టను మావయ్యా, నువ్వు అలాంటివాడివి కావు. కానీ అతను చెప్పిన కారణం నీదే. అందుకే ఆ కారణానికి ఒక గీత ఉండాలంటున్నాను.

మావయ్య: గీత ఓడినవాడికే గీశారు. 1943 జనవరి 26న అమెరికా జలాంతర్గామి వాహూ, న్యూగినీకి ఉత్తరాన బుయో మారు అనే జపాన్ రవాణా ఓడని ముంచి, పడవల మీద కాల్చింది. కెప్టెన్ మోర్టన్‌కి పతకం ఇచ్చారు. ఎవరూ విచారించలేదు.

మేనకోడలు: అందులో ఉన్నది ఎవరో కూడా చెప్పు. జపాన్ వాళ్ళతోపాటు సింగపూర్ పడిపోయినప్పుడు పట్టుబడిన భారతీయ సైనికులు, పంజాబ్ రెజిమెంటు వాళ్ళు, వందలమంది ఖైదీలుగా ఆ ఓడలో ఉన్నారు. ఆ రోజు దాదాపు 200 మంది మనవాళ్ళు పోయారు. నీళ్ళలో తేలే తల చూసి అది శత్రువో మిత్రుడో పెరిస్కోపులోంచి ఎలా తెలుస్తుంది? విచారించకపోవడం అన్యాయం, దానికి నేను సిగ్గుపడతాను. ఆ అన్యాయాన్ని చూపించి గీతే వద్దనలేం.

మావయ్య: సరే, గీత గీసి నిలబడ్డవాడికి ఏమైందో చెబుతాను. 1942 సెప్టెంబరు 12, పశ్చిమాఫ్రికాకి అవతల అట్లాంటిక్. యూ-156 కెప్టెన్ వెర్నర్ హార్టెన్‌స్టైన్ లకోనియా అనే బ్రిటిష్ ఓడని ముంచాడు. అందులో సుమారు 1,800 మంది ఇటాలియన్ యుద్ధఖైదీలు, అంటే తన మిత్రదేశం వాళ్ళు. బ్రిటిష్ సైనికులు, ఆడవాళ్ళు, పిల్లలు కూడా ఉన్నారు. హార్టెన్‌స్టైన్ వాళ్ళ అరుపులు విని లాగడం మొదలెట్టాడు. రెండు వందలమందిని తన జలాంతర్గామి మీద ఎక్కించుకున్నాడు, లైఫ్ బోట్లని తాడుతో లాక్కెళ్ళాడు. రహస్య సంకేతం పక్కన పెట్టి మామూలు ఇంగ్లీషులో రేడియోలో పలికాడు, నన్ను కొట్టకపోతే రక్షించడానికి వచ్చిన ఏ ఓడనీ నేను కొట్టనని, తానున్న చోటుతో సహా. యుద్ధం మధ్యలో తన జాడ తనే చెప్పాడు చూడు! యూ-506, యూ-507 వచ్చాయి, ఇటాలియన్ జలాంతర్గామి కపెల్లిని వచ్చింది. నాలుగోరోజు, సెప్టెంబరు 16న, ఎసెన్షన్ దీవి నుంచి అమెరికన్ లిబరేటర్ విమానం వచ్చింది. డెక్కు మీద రెడ్ క్రాస్ జెండా పరిచి ఉంది, చుట్టూ పడవల నిండా మనుషులున్నారు. బాంబులేశారు. ఒక పడవ ముక్కలైంది. హార్టెన్‌స్టైన్ తాళ్ళు కోసి, ఎక్కించుకున్నవాళ్ళని మళ్ళీ నీళ్ళలోకి దించి, మునిగి పారిపోయాడు. మరునాడే జర్మన్ జలాంతర్గాముల అధిపతి డోనిట్జ్, ఇక మీదట ఎవర్నీ కాపాడొద్దని ఆజ్ఞ వేశాడు. ఒక మంచివాడు ఆగాడు, దాని ఫలితంగా తరవాత మునిగినవాళ్ళెవరికీ సాయం రాలేదు. నీ జాలి చేసిన పని ఇది.

మేనకోడలు: జాలి చేసిన పనా? బాంబు చేసిన పనా?

మావయ్య: బాంబే. ఒప్పుకుంటా. కానీ ఆ బాంబు రాదని హార్టెన్‌స్టైన్ నమ్మాడు. నమ్మకం తప్పయింది.

మేనకోడలు: అయినా ఆ బోట్లలోంచి, ఆ తరవాత వచ్చిన ఫ్రెంచి ఓడల వల్ల, వెయ్యిమందికి పైగా బతికారు. అతను ఆగకపోతే వాళ్ళలో ఎంతమంది మిగిలేవాళ్ళు? యుద్ధం అయ్యాక డోనిట్జ్‌ని విచారించిన న్యూరెంబర్గ్ కోర్టు ఆ ఆజ్ఞని మెచ్చుకోలేదు. చంపమన్నాడని రుజువు కాలేదు గానీ, రెండర్థాలకి తావిచ్చే ఆ ఆజ్ఞ తీవ్రంగా ఖండించదగ్గదన్నది.

మావయ్య: అదే కోర్టుకి అమెరికన్ అడ్మిరల్ నిమిట్జ్ రాతపూర్వకంగా చెప్పాడు, పసిఫిక్‌లో తమ జలాంతర్గాములు కూడా, అదనపు ప్రమాదం ఉన్నప్పుడు శత్రువుల్ని రక్షించేవి కావని. అది కూడా చూశాకే, జలాంతర్గామి యుద్ధ నియమాలు మీరినందుకని డోనిట్జ్ శిక్ష లెక్కించలేదు.

మేనకోడలు: జలాంతర్గామిలో చోటుండదు, దాని కష్టం వేరు. నేను నీలాంటివాళ్ళ గురించి మాట్లాడుతున్నాను, దాన్ని వేటాడి ముంచే ఓడల గురించీ విమానాల గురించీ. హార్టెన్‌స్టైన్ చివరికి ఏమయ్యాడో నువ్వు చెప్పలేదు. 1943 మార్చి 8న, బార్బడోస్‌కి తూర్పున, అమెరికన్ కాటలీనా విమానం యూ-156ని ముంచింది. నీళ్ళలో కొద్దిమంది కనబడ్డారు. విమానం సముద్రం మీద దిగి ఎక్కించుకోలేదు. కానీ వదిలేసి కూడా పోలేదు. గాలి నింపిన తెప్ప, తిండి పైనుంచి విసిరి, చోటు చెప్పింది. అమెరికన్ డిస్ట్రాయర్ ఒకటి వచ్చి రోజుల తరబడి వెతికింది. ఒక్కరూ దొరకలేదు. హార్టెన్‌స్టైన్‌తో సహా అందరూ పోయారు. అదే ఏడు జులైలో యూ-506ని స్పెయిన్ తీరానికి అవతల ముంచినప్పుడు కూడా విమానం తెప్ప విసిరింది. మూడు రోజుల తరవాత హరికేన్ అనే బ్రిటిష్ డిస్ట్రాయర్ ఆ తెప్ప మీద ఆరుగుర్ని కనిపెట్టింది. లకోనియా వాళ్ళని కాపాడటానికి వచ్చిన జలాంతర్గామి మనుషులు వాళ్ళు. నేను కోరేది అంత మాత్రమే మావయ్యా. ఆగలేకపోతే తెప్ప విసురు. చోటు చెప్పు.

మావయ్య: తెప్ప విసరడానికి నాకేం అభ్యంతరం? నేను ఆగడం గురించి మాట్లాడుతున్నాను.

మేనకోడలు: చట్టం కూడా అదే తూకం వేసింది. 1907 హేగ్ ఒప్పందంలో, ప్రతి పోరాటం తరవాతా మునిగినవాళ్ళ కోసం వెతకాలని ఉంది, కానీ సైనిక ప్రయోజనాలకి అడ్డు రానంత మేరకే అని ముందే ఒక తలుపు తెరిచి పెట్టారు. రెండు యుద్ధాలు చూశాక 1949లో జెనీవాలో రెండో ఒప్పందం పద్దెనిమిదో అధికరణంలో ఆ తలుపు మూసేశారు. ఆలస్యం చేయకుండా, సాధ్యమైన అన్ని చర్యలూ తీసుకోవాలన్నారు. ఓడని పోగొట్టుకోమని ఎవరూ అనలేదు. సాధ్యం కాకపోతే సాధ్యమైనది చెయ్యమన్నారు. పడవ వదలడం, తిండీ నీళ్ళూ ఇవ్వడం, దగ్గరున్న ఓడకి చెప్పడం. మన దేశం 1960లో జెనీవా ఒప్పందాల చట్టం చేసింది. అది నీకూ వర్తించింది, నువ్వు ఓడ మీద ఉన్నన్నాళ్ళూ.

మావయ్య: మాకు చెప్పారు. కానీ క్లాసులో విన్నది వేరు, రాత్రి డెక్కు మీద నిలబడటం వేరు. 1971 డిసెంబరు 9 రాత్రి, డయ్యూ దగ్గర, పాకిస్తానీ జలాంతర్గామి హంగోర్ మన ఖుక్రీ నౌకని కొట్టింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ ముల్లా ఓడతోనే ఉండిపోయాడు. పక్కన ఉన్న కృపాణ్ మీద కూడా హంగోర్ టార్పెడో వదిలింది. కృపాణ్ దూరంగా పోవాల్సి వచ్చింది. మన కుర్రాళ్ళు రాత్రంతా నీళ్ళలో ఉన్నారు. మరునాడు కచ్చాల్ వచ్చి 67 మందిని తీసుకుంది. కచ్చాల్ కూడా పెట్యానే, నేను పనిచేసిన రకం ఓడే. మన సొంత పిల్లల్నే ఒక రాత్రి వదలాల్సి వచ్చిందమ్మా. అందుకే నాకు ఈ వాదన అంత సులువుగా దిగదు.

మేనకోడలు: కానీ మరునాడు వచ్చారు. అది మరిచిపోకు. వెళ్ళినవాళ్ళు తిరిగి వచ్చారు, మరొకర్ని పంపారు. శత్రువు కోసం కూడా అంతే చేయమంటున్నాను. ఆ నెలలోనే, మూడో తేదీ అర్ధరాత్రి, మన విశాఖ రేవు బయట పాకిస్తానీ జలాంతర్గామి ఘాజీ మునిగింది. తొంభైమందికి పైగా ఉన్నారు. ఒక్కడు తేలి ఉంటే?

మావయ్య: ఎవరూ తేలలేదు.

మేనకోడలు: తేలి ఉంటే?

మావయ్య: ఎక్కించుకునేవాళ్ళం. రేవు పక్కనే కదా, మనవాళ్ళు చుట్టూ ఉన్నారు. దానికి ఆలోచన అక్కర్లేదు.

మేనకోడలు: నడిసముద్రంలో అయితే?

మావయ్య: (చాలాసేపటికి) చుట్టూ ఒకసారి తిరిగి వింటాను. ఇంకొకటి లేదని చెవికి నమ్మకం కుదిరితే ఆగుతాను. కుదరకపోతే ఆగను. తెప్ప వేస్తాను, చోటు పంపుతాను. వెనక్కి చూడను.

మేనకోడలు: ఎందుకు ఆగలేదో లాగ్ బుక్కులో రాస్తావా?

మావయ్య: రాస్తాను. రాయక తప్పదు.

ఇద్దరూ ఇక్కడ ఆపారు. రాజీ పడ్డారనను. ఆయన దృష్టిలో ఇది దయ, కుదిరితే చేసేది. ఆమె దృష్టిలో ఇది విధి, చేయకపోతే కారణం చూపాల్సింది. ఈ తేడా చిన్నది కాదు. దయ చేయనివాణ్ణి ఎవరూ అడగరు, విధి తప్పినవాణ్ణి అడుగుతారు.

నేను మా అమ్మాయి పక్షం. బావమరిది చెప్పిన ప్రమాదాలన్నీ నిజమే, ఒక్కటీ కొట్టిపారేయలేను. కానీ ఆ ప్రమాదం చెవికి వినబడో కంటికి కనబడో ఉండాలి. ఉండొచ్చునన్న ఊహ మీద ముప్పై మందిని నీళ్ళలో వదిలేసే హక్కు ఏ కెప్టెన్‌కీ లేదు. డార్సెట్‌షైర్ కెప్టెన్‌ని నేను క్షమిస్తాను. ఖైదీలున్న ఓడ మునిగాక పడవల మీద కాల్పించినవాణ్ణి, వాడు ఏ జెండా కింద ఉన్నా సరే, క్షమించను.

విజయనగరం, శ్రీకాకుళం, విశాఖ జిల్లాల నుంచి ఏటా ఎంతోమంది పిల్లలు నౌకాదళంలో చేరుతున్నారు. వాళ్ళని పంపే తల్లిదండ్రులకీ, వాళ్ళకి పాఠం చెప్పే మాస్టార్లకీ ఒక మనవి. ఖుక్రీ కథ, ఘాజీ కథ చెప్పినప్పుడు వాకర్ ఓడ కథ కూడా చెప్పండి. ఆ రెండో జెనీవా ఒప్పందం పద్దెనిమిదో అధికరణాన్ని ఓడ ఎక్కకముందే ఒకసారి వాళ్ళ చేత తెలుగులో చదివించండి.